ఊరి సొంత ఫైబర్ నెట్‌వర్క్: 360 ఇళ్లు, ఆపరేటర్ పాయింటు 18 కి.మీ. దూరం. ఎక్కడ మొదలుపెట్టాలి?

పల్లెపోగు (ప్రశ్న)

ఊరివాళ్లే సభ్యులుగా సహకార సంఘం పెట్టి, డక్టుల (కేబుల్ పోయే పైపుల) నుంచి పరికరాల దాకా అన్నీ సంఘం ఆస్తిగానే ఉండేలా ఫైబర్ ఇంటర్నెట్ వేసుకోవాలని ఆలోచన. ఇన్ని తక్కువ ఇళ్ల కోసం కంపెనీలు రావు, వచ్చినా నడి ఊరితో ఆగిపోతాయి.

మొత్తం 360 ఇళ్లు. 300 నడి ఊళ్లో, కిలోమీటరు లోపే గుంపుగా ఉన్నాయి. మిగతా 60 మూడు శివారు పల్లెల్లో. వాటిలో దూరపుది 6 కి.మీ. బ్యాండ్‌విడ్త్ కొనగలిగే ఆపరేటర్ పాయింటు 18 కి.మీ. అవతల ఉంది.

జీపాన్ (ఒక కోర్, అంటే గాజు పోగు, మోసే కాంతిని కరెంటు అక్కర్లేని స్ప్లిట్టర్‌తో పలు ఇళ్లకు పంచే పద్ధతి) వేయాలా, ఇంటింటికీ విడి కోర్‌తో యాక్టివ్ ఈథర్నెట్ (కరెంటుతో నడిచే స్విచ్‌ల పద్ధతి) వేయాలా? జీపాన్ అయితే స్ప్లిట్ 1:32 (ఒక కోర్‌ను 32 ఇళ్లకు పంచడం) మంచిదా, 1:64 మంచిదా? భూమిలో వేయాలా, స్తంభాల మీద లాగాలా? మొత్తం ఊరికి బయటి లింకు ఎంత కావాలి? ఇంకో సంగతి, ఊళ్లో ఎవరికీ స్ప్లైసింగ్ (ఫైబర్ కొసలను కరిగించి అతకడం) రాదు. బయటివాళ్ల మీద ఆధారపడకుండా నడపాలంటే ఏం కొనాలి, ఏం నేర్చుకోవాలి? లెక్కలతో చెప్పగలిగితే సంఘం సమావేశంలో పెట్టుకుంటాం.

నాలుగోకోర్

పల్లెపోగు గారూ, మీ ప్రశ్నల వరుస తలకిందులుగా ఉంది. స్ప్లిట్ ఎంతన్నది చివర్లో తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సింది ఆ 18 కి.మీ. సంగతి. ఊరంతా తవ్వి, ఇంటింటికీ డ్రాప్ వైరు (వీధి నుంచి ఇంట్లోకి వచ్చే సన్న కేబుల్) లాగాక బయటికి దారి లేదని తెలిస్తే, మీరు వేసింది భూమిలో పాతిపెట్టిన గాజు.

ఆ దారి వెంట ఇప్పటికే ఎవరిదైనా కేబుల్ ఉందేమో వెతకండి. టెలికాం సంస్థలే కానక్కర్లేదు. హై టెన్షన్ లైన్లు, రైలు మార్గాలు, గ్యాస్ పైప్‌లైన్ల వెంట సొంత అవసరానికి వేసుకున్న ఫైబర్‌లో ఖాళీ కోర్లు ఉంటాయి. అందులో రెండు కోర్లు 15–20 ఏళ్ల వాడకపు హక్కుతో తీసుకోవచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే 1310, 1550 నానోమీటర్ల కాంతి వేవ్‌లెంగ్త్‌లు రెండింటిలోనూ, రెండు చివరల నుంచీ తీసిన ఓటీడీఆర్ (కేబుల్‌లో ఎక్కడ ఎంత కాంతి పోతోందో చూపే పరికరం) రిపోర్టు అడగండి. తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కేబుల్ జరిపే ఖర్చు ఎవరిది, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. గొడవలన్నీ ఆ రెండో దాని దగ్గరే వస్తాయి.

కోర్లు దొరికితే రెండు చివరలా 10 జీ (10 జీబీపీఎస్) మాడ్యూళ్లు, అంటే కాంతిని పంపి అందుకునే పరికరాలు, పెట్టాలి. ఎల్‌ఆర్ రకం 10 కి.మీ. దాకానే. మీకు 1550 మీద నడిచే ఈఆర్ కావాలి, అది 40 కి.మీ. రకం. 18 కి.మీ.కు కాంతి నష్టం కిలోమీటరుకు 0.25 డీబీ (డెసిబెల్) చొప్పున 4.5, కనెక్టర్లు, జాయింట్లు కలిపి 6–7 డీబీ పోతుంది, హాయిగా నడుస్తుంది. అయితే ఆ మాడ్యూళ్లను బల్ల మీద రెండు మీటర్ల ప్యాచ్ కార్డుతో ఎదురెదురుగా కలిపి పరీక్షించొద్దు. లేజర్ ప్లస్ 4 డీబీఎం (కాంతి బలం కొలత) దాకా పంపగలదు, రిసీవర్ మైనస్ 1 దాకానే సరిగ్గా పనిచేస్తుంది. అంతకు మించితే పాడవచ్చు. మధ్యలో 10 డీబీ అటెన్యుయేటర్ (కాంతి బలం తగ్గించే ముక్క) పెట్టి చూడండి.

కోర్లు దొరక్కపోతే మొదటి రెండేళ్లు రేడియో లింకుతో నడపొచ్చు. కాకపోతే "అవతలి టవర్ కనిపిస్తోంది" అంటే చాలదు. 5.8 గిగాహెర్ట్జ్ మీద 18 కి.మీ. లింకుకు సరిగ్గా మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రేడియో గీత చుట్టూ అడ్డం లేకుండా ఉండాల్సిన చోటు) వ్యాసార్థం సుమారు 15 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 9 మీటర్లు ఖాళీగా ఉండాలి. దానికి భూమి వంపు మరో 5 మీటర్లు కలుపుకోండి. దారి మధ్యలో ఉన్న చెట్టు కొస మీద 14 మీటర్ల ఎత్తులో రేడియో గీత వెళ్లాలన్నమాట. చెట్లు పెరుగుతాయని మరిచిపోవద్దు.

ఎంత బ్యాండ్‌విడ్త్? సాయంత్రం రద్దీ వేళ అన్ని ఇళ్లూ కలిపి తీసిన సగటు ఇంటికి 2–3 ఎంబీపీఎస్ అనుకుని మొదలుపెట్టండి. 360 ఇళ్లూ చేరితే 3 చొప్పున 1,080 ఎంబీపీఎస్. మొదట్లో 200 ఇళ్లే చేరతాయనుకుంటే 600. కాబట్టి 1 జీబీపీఎస్‌తో మొదలుపెట్టి, పోర్టు మాత్రం 10 జీ తీసుకోండి. తర్వాత పెంచడానికి ఒక ఈమెయిల్ చాలాలి, కొత్త పరికరం కొనాల్సి రాకూడదు. ఐదు నిమిషాల గ్రాఫు సాయంత్రాల్లో కొండలా కనబడాలి. పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉందంటే లింకు చాలడం లేదని అర్థం, ఆపరేటర్ ఏం చెప్పినా సరే.

ఇప్పుడు స్ప్లిట్. దూరపు శివారు పల్లెకు అప్‌లోడ్ వైపు 1310 మీద లెక్క:

ఫైబర్ 6 కి.మీ. × 0.35 = 2.1 డీబీ
1:32 స్ప్లిట్టర్ = 17.5
జాయింట్లు 8 × 0.1 = 0.8
కనెక్టర్లు 4 × 0.4 = 1.6

మొత్తం 22 డీబీ. ముందు ముందు కేబుల్ తెగితే వేయాల్సిన అతుకులకు 3 డీబీ పక్కన పెడితే 25. బీ ప్లస్ తరగతి మాడ్యూల్ భరించేది 28, కాబట్టి సరిపోతుంది. అదే 1:64 అయితే స్ప్లిట్టర్ ఒక్కటే దాదాపు 21 తింటుంది, లెక్క 28.5కు చేరి బీ ప్లస్ దాటిపోతుంది. 32 డీబీ భరించే సీ ప్లస్ మాడ్యూల్ పెడితే నడుస్తుంది కానీ, మిగుల్చుకున్నది ఏమిటి? నాలుగైదు పాన్ పోర్టులు (స్ప్లిట్టర్‌కు ఒకటి చొప్పున కావాల్సినవి). 1:32 వేయండి.

ఒక్కో స్ప్లిట్టర్‌ను 25 ఇళ్లతో ఆపండి. 360కి 15 స్ప్లిట్టర్లు, 16 పోర్టుల ఓఎల్‌టీ (స్ప్లిట్టర్లన్నిటికీ కాంతి పంపే కేంద్ర పరికరం) ఒకటి. నడి ఊళ్లో స్ప్లిట్టర్లన్నీ ఒకటి రెండు క్యాబినెట్లలోనే పెట్టి, అక్కడి నుంచి ఇంటింటికీ విడి కోర్ తీసుకెళ్లండి. ఇలా చేస్తే జీపాన్ పెట్టాలా యాక్టివ్ పెట్టాలా అన్న వాదన చాలావరకు అక్కర్లేదు. రేపు ఒక బడికో ఆస్పత్రికో విడి లింకు కావాలంటే క్యాబినెట్‌లో ప్యాచ్ కార్డు మార్చి, వెనక ఖాళీ ఫీడర్ కోర్‌కు (కేంద్రం నుంచి క్యాబినెట్‌కు వచ్చేదానికి) కలిపితే అయిపోతుంది. స్తంభానికో చిన్న స్ప్లిట్టర్ చొప్పున గొలుసుకట్టుగా వేసుకుంటూ పోతే కోర్లు మిగులుతాయి గానీ, లోపం వెతకడం నరకం.

జీపాన్ పోర్టుకు డౌన్‌లోడ్ 2.5, అప్‌లోడ్ 1.25 జీబీపీఎస్, పాతిక ఇళ్లకు ధారాళం. దాని తర్వాతి తరం ఎక్స్‌జీఎస్ పాన్ రెండు వైపులా 10 జీబీపీఎస్. అది 1577, 1270 మీద నడుస్తుంది, జీపాన్ 1490, 1310 మీద. వేరు వేరు రంగుల కాంతి కాబట్టి రెండూ ఒకే కోర్‌లో కలిసి ఉండగలవు. రెండూ పంపే కాంబో పోర్టులున్న ఓఎల్‌టీ కొంటే తర్వాత ఇల్లిల్లుగా మార్చుకోవచ్చు.

ఇంటర్నెట్ (ఐపీ) చిరునామాల సంగతి క్లుప్తంగా. పాత పద్ధతి ఐపీవీ4లో బయటి ప్రపంచం అంగీకరించే అతి చిన్న బ్లాకు /24, అంటే 256 చిరునామాలు. అది దొరక్కపోయినా నష్టం లేదు. లోపల ఇలాంటి పంపకానికే కేటాయించిన 100.64.0.0/10 వాడి, ఇంటికి 2,000 పోర్టుల (ఇవి చిరునామా లోపలి సంఖ్యలు, ఓఎల్‌టీ పోర్టులు కాదు) బ్లాకు ఇస్తే ఒక్కో పబ్లిక్ చిరునామాకు 32 ఇళ్లు వస్తాయి. 12 చిరునామాలతో ఊరు గడిచిపోతుంది. ఏ ఇంటికి ఏ పోర్టులో ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి లాగ్‌లు (ఎవరు ఏ చిరునామా వాడారన్న రికార్డులు) కూడా కొండలా పెరగవు. కొత్త పద్ధతి ఐపీవీ6 మాత్రం మొదటి రోజు నుంచే ఇవ్వండి, ఇంటికి ఒక /56. ఒక /48లో అలాంటివి 256 మాత్రమే ఉంటాయి, మీకు చాలవు. /44 అడగండి.

మట్టిపని

పైన లెక్కలు బాగున్నాయి. నేను మట్టి సంగతి చెప్తాను, ఎందుకంటే డబ్బులో సింహభాగం అక్కడే పోతుంది. తవ్వకం ఖర్చు ముందు కేబుల్ ధర లెక్కలోకి రాదు. ఓఎల్‌టీ ఏడెనిమిదేళ్లకు మారుతుంది, డక్టు మీ మనవల దాకా ఉంటుంది. పొదుపు చేయాలనిపిస్తే పరికరాల్లో చేయండి, పైపులో వద్దు.

ఒకసారి కాలువ తీశాక 40/33 మి.మీ. (బయటి, లోపలి వ్యాసాలు) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులు రెండు వేయండి. ఒకటి వాడకానికి, ఒకటి ఖాళీగా. లోపల గీతలతో, జారుడు పూత ఉన్న రకం తీసుకోండి. నడి ఊళ్లో అయితే 7 మైక్రోడక్టుల కట్ట వేస్తే, ఒక్కో వీధికి ఒక్కో చిన్న గొట్టం విడదీసుకోవచ్చు.

లోతు: రోడ్డు పక్కన 1 మీటరు. దుక్కి దున్నే పొలంలో 1.2 మీటర్లు, గట్టు వెంట వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఇళ్ల ఆవరణల్లో 60 సెం.మీ. చాలు. కాలువ అడుగున 5–10 సెం.మీ. ఇసుక లేదా జల్లించిన మట్టి, పైపు, మళ్లీ అంతే మందం మెత్తటి మట్టి, ఆపైన మామూలు పూడిక. పైపుకు 30 సెం.మీ. పైన హెచ్చరిక టేపు. టేపును పైపుకు అంటించి వేసేవాళ్లున్నారు. జేసీబీ బకెట్ పళ్లకు రెండూ ఒకేసారి చిక్కుతాయి, ఇక అది హెచ్చరించేదేముంది? పూడికను 15–20 సెం.మీ. పొరలుగా వేసి దిమ్మిస చేయాలి. లేకపోతే తొలి వానకే రోడ్డు పక్కన గాడి పడుతుంది, అనుమతి ఇచ్చిన శాఖ మళ్లీ మొహం చూడదు.

పైపు చుట్ట విప్పగానే దానికి పాములా మెలికలు తిరిగే గుణం ఉంటుంది. అలాగే పడేసి పూడ్చేస్తే పైకి ఏమీ తెలియదు. కేబుల్‌ను గాలితో పైపులోకి ఊదేటప్పుడు 1,000 మీటర్లు వెళ్లాల్సింది 300 దగ్గరే ఆగుతుంది. ఒక రోజు ముందే విప్పి ఎండలో పరిచి, వేసేటప్పుడు లాగి పట్టుకుని, మధ్య మధ్యలో మట్టి వేసి బిగించుకుంటూ పోవాలి. ఎండలో పైపు సాగుతుంది, చల్లబడ్డాక కుంచించుకుంటుంది. అందుకే చివర్లు మర్నాడు పొద్దున కోయాలి, అదే సాయంత్రం కాదు. కోసిన వెంటనే ఎండ్ ప్లగ్ బిగించండి. ఒక్క రాత్రి తెరిచి ఉంచితే బురద, చీమలు, కప్పలు అన్నీ కాపురం పెడతాయి.

పూడ్చాక, కేబుల్ వేయకముందు మూడు పరీక్షలు: స్పాంజి ఊది శుభ్రం చేయడం, పైపు లోపలి వ్యాసంలో 80 శాతం ఉన్న బంతిని ఒక చివర నుంచి ఇంకో చివరకు పంపడం, రెండు చివరలా మూసి గాలి నింపి పీడనం నిలుస్తోందో లేదో చూడటం. బంతి ఆగిన చోటే రాయి నొక్కింది లేదా కప్లర్ సరిగ్గా కూర్చోలేదు. ఈ పరీక్షలు గుత్తేదారు బిల్లుకు ముడిపెట్టండి. బంతి వస్తేనే చెల్లింపు.

ఛాంబర్లు నేరు దారిలో 300 మీటర్లకు ఒకటి, ప్రతి రోడ్డు దాటుడుకు అటూ ఇటూ ఒకటి. జాయింటు ఉన్న ప్రతి చోటా రెండు వైపులా 15 మీటర్ల కేబుల్ చుట్ట వదలండి. జాయింట్ బాక్సు పైకి తీసి వ్యాన్‌లో పెట్టుకుని పని చేయాలంటే ఆ పొడవు కావాలి. కల్వర్టు గోడకు పైపు వేలాడదీయొద్దు, వరదలో చెత్త తట్టుకుని లాక్కెళ్తుంది. ఇనుప పైపులో పెట్టి నీళ్లు వచ్చే వైపు కాకుండా దిగువ వైపు గోడకు బిగించండి, లేదా అడుగు నుంచి డ్రిల్లింగ్ చేయించండి.

భూముల అనుమతి నోటి మాటగా వద్దు. పటంతో సహా కాగితం రాయించి, పొలం అమ్ముడుపోతే కొన్నవాళ్లకూ అది వర్తించేలా చూడండి. ఇంగ్లండ్‌లో లాంకషైర్ పల్లెల్లో 2011లో మొదలైన బీఫోర్‌ఆర్‌ఎన్ అనే సామాజిక సంస్థ నిలదొక్కుకోవడానికి పెద్ద కారణం ఇదే. భూయజమానులు ఉచితంగా దారి ఇచ్చారు, ఊరివాళ్లే తవ్వారు. దారి పొలాల మీదుగా పోవడంతో రోడ్డు తవ్వి మళ్లీ తారు వేసే ఖర్చు చాలా తప్పింది.

చివరిది, పూడ్చకముందు ఫొటో. కాలువలో కొలత కర్ర నిలబెట్టి, కదలని రెండు వస్తువుల నుంచి, అంటే గోడ మూల, మైలురాయి, కల్వర్టు లాంటివి, దూరం కొలిచి రాసుకుని తీయాలి. ఫోన్ జీపీఎస్ ఒక్కటే నమ్ముకుంటే ఐదారు మీటర్లు తేడా వస్తుంది, రేపు ఐదారు మీటర్ల వెడల్పు గొయ్యి తవ్వుతారు.

పల్లెపోగు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక సందేహం. శివారు పల్లెలకు తవ్వకం మా వల్ల కాదేమో అనిపిస్తోంది. ముందు కరెంటు స్తంభాల మీద లాగేసి, డబ్బు సమకూరాక భూమిలోకి మారిస్తే?

మట్టిపని

లాగొచ్చు. "తర్వాత మారుస్తాం" అన్నది మాత్రం లెక్కలో రాసుకోవద్దు, అలా మారినవి అరుదు. పదిహేనేళ్లు పైనే ఉంటుందనుకుని వేయండి.

లోహం లేని, తన బరువు తానే మోసే ఏడీఎస్‌ఎస్ కేబుల్ తీసుకోండి, మీ స్తంభాల మధ్య దూరానికి తగిన రకం. 80 మీటర్ల రకాన్ని 120 మీటర్లకు లాగితే ఆ రోజు నిలబడుతుంది, గాలివానకు సాగి కోర్ల మీద ఒత్తిడి పడుతుంది. దూరంలో ఒకటి, ఒకటిన్నర శాతం వేలాడనివ్వాలి. బిగించి లాగితే అందంగా ఉంటుంది గానీ ఎక్కువ కాలం ఉండదు. మూలల్లో, చివర్లలో చుట్టు తీగల డెడ్ ఎండ్ క్లాంపులే వాడండి. జీఐ తీగతో మెడకు ఉరి వేసినట్టు కట్టొద్దు, లోపలి ట్యూబు నలిగి ఆరు నెలలకు 1550 మీద లాస్ మొదలవుతుంది. రోడ్డు దాటే చోట 6 మీటర్ల ఎత్తు ఉంచండి. గడ్డి వేసుకొచ్చే ట్రాక్టర్లే ఈ కేబుళ్లకు మొదటి శత్రువులు. స్తంభం యజమాని అనుమతి, కరెంటు తీగల నుంచి ఎంత ఎడం ఉండాలో వాళ్ల నిబంధన, రెండూ లిఖితంగా తీసుకోండి. ఆ తీగల దగ్గర పని లైన్ ఆపాకే.

నాలుగోకోర్ గారి లెక్కలో శివారు పల్లెకు స్ప్లిట్టర్ అక్కడే పెట్టాలి. 20 ఇళ్ల కోసం 6 కి.మీ. పొడవునా 20 కోర్లు లాగడం దండగ. 12 కోర్ల కేబుల్ వేసి ఒకటి వాడండి, ఒకటి సిద్ధంగా ఉంచండి, మిగతావి భవిష్యత్తుకు.

ట్రేలోచుట్ట

స్ప్లైసింగ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. భయపడాల్సిన విద్య కాదు. కుట్టుపని వచ్చినవాళ్ల చెయ్యి దీనికి బాగా కుదురుతుంది. ఊళ్లో ఇద్దరికి కాదు, నలుగురికి నేర్పించండి.

కొనాల్సినవి: ఫ్యూజన్ స్ప్లైసర్, మంచి క్లీవర్ (ఫైబర్ కొసను తిన్నగా కోసేది), మూడు రంధ్రాల స్ట్రిప్పర్ (పూత తీసేది), 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని టిష్యూలు, నొక్కితే శుభ్రం చేసే కనెక్టర్ క్లీనర్, ఎర్ర లేజర్ పెన్, పాన్ పవర్ మీటర్, ఓటీడీఆర్. డబ్బు తక్కువైతే స్ప్లైసర్‌లో తగ్గండి, క్లీవర్‌లో వద్దు. చెడ్డ జాయింట్లలో చాలావాటికి కారణం కోత వంకరే. కోణం 1 డిగ్రీ లోపల ఉండాలి. 0.5 లోపు వస్తే బాగుందని అర్థం.

పని వరుస ఇది. ముందు స్లీవ్, అంటే జాయింటును కప్పే చిన్న గొట్టం, ఎక్కించండి (జాయింటు కొట్టాక గుర్తొస్తే మళ్లీ కోయాల్సిందే, అందరికీ ఒక్కసారైనా తప్పదు). ట్యూబు లోపలి జెల్ పూర్తిగా తుడవండి. 3–4 సెం.మీ. పూత తీయండి. ఆల్కహాల్‌తో ఒకే దిశలో తుడవండి, కీచుమని శబ్దం రావాలి. అప్పుడు కోయండి. కోసిన తర్వాత తుడవకూడదు, దేనికీ తగలనివ్వకూడదు. మెషీన్‌లో పెట్టి ఆర్క్ (కొసలను కరిగించే విద్యుత్ మెరుపు) ఇవ్వండి, స్లీవ్ జరిపి వేడి చేయండి. ట్రేలో చుట్టేటప్పుడు వంపు 3 సెం.మీ. వ్యాసార్థానికి తగ్గకూడదు. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆర్క్ క్యాలిబ్రేషన్ చేయండి, తేమ మారితే ఆర్క్ వేడి మారుతుంది. తెగిన గాజు ముక్కలు మూత ఉన్న డబ్బాలోనే వేయండి. కాలికి గుచ్చుకుంటే కంటికి కనబడవు. వెలుగుతున్న కోర్ కొసలోకి ఎప్పుడూ చూడొద్దు, ఆ కాంతి కూడా కంటికి కనబడదు.

రంగుల వరుస గోడకు అంటించుకోండి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, ఆక్వా. ట్యూబులకూ ఇదే వరుస. అన్ని తయారీదారులూ ఇదే పాటించరు, కొత్త డ్రమ్ము రాగానే సరిచూసుకోండి. రాత్రి టార్చి వెలుగులో బూడిద, తెలుపు ఒకేలా ఉంటాయి, నీలం, ఆక్వా కూడా. తలకు కట్టుకునే తెల్ల దీపం వాడండి.

మెషీన్ చూపించే "0.01 డీబీ" అంచనా మాత్రమే, కొలత కాదు. అసలు కొలత ఓటీడీఆర్‌దే, అదీ రెండు వైపుల నుంచి. మెయిన్ కేబుల్ జీ.652.డీ, డ్రాప్ జీ.657.ఏ2, ఇలా వేరు వేరు ఫైబర్ రకాలు అయితే ఆ జాయింటు ఒక వైపు నుంచి లాభంలా కనబడొచ్చు. ఉదాహరణకు ఒక వైపు 0.25 లాస్, ఇంకో వైపు 0.15 లాభం వస్తే అసలు లాస్ వాటి సగటు, 0.05. లాభం చూసి సంతోషపడొద్దు, లాస్ చూసి జాయింటు తెంపేయొద్దు. ఓటీడీఆర్ ముందు 500 మీటర్ల లాంచ్ ఫైబర్ లేకపోతే మొదటి కనెక్టర్ సంగతి తెలియనే తెలియదు.

లోపం ఎలాంటిదో తేల్చే చిట్కా: 1310 కంటే 1550 మీద లాస్ గట్టిగా ఎక్కువుంటే ఎక్కడో మడత పడింది. రెండింటి మీదా దాదాపు సమానంగా ఉంటే జాయింటో, మురికి కనెక్టరో.

కనెక్టర్లన్నీ ఆకుపచ్చ ఎస్‌సీ ఏపీసీ. నీలం రంగు యూపీసీ సంచిలో కూడా ఉండకూడదు. ఏపీసీ కొస 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. దానికి యూపీసీ తగిలిస్తే మధ్యలో గాలి సందు మిగిలి 3–4 డీబీ పోతుంది, పైగా ఏపీసీ కొస గీసుకుపోవచ్చు. పవర్ బాగా లేదని ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) మారుస్తూ కూర్చుంటారు, తప్పు కనెక్టర్ రంగులో ఉంటుంది.

ఇంట్లో ఎంత పవర్ రావాలి? పై లెక్క ప్రకారం దూరపు ఇంటికి డౌన్‌లోడ్ వైపు 1490 మీద లాస్ 21.4 (1310 కంటే ఫైబర్‌లో పోయేది తక్కువ). ఓఎల్‌టీ ప్లస్ 3 పంపితే ఇంటి దగ్గర మైనస్ 18.4. కొలిచినది దానికి రెండు డీబీ అటూ ఇటూ ఉంటేనే కనెక్షన్ అయినట్టు రాయండి. మైనస్ 24 వచ్చినా నెట్ నడుస్తుంది, "నడుస్తోంది కదా" అని వదిలేస్తారు. ఓఎన్‌టీ హద్దు మైనస్ 27. వానాకాలంలో బాక్సులోకి చెమ్మ వస్తే మొదట పడిపోయేది ఆ ఇల్లే. లెక్కకూ కొలతకూ తేడా ఉంటే ఆ రోజే వెతకండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

అసలు కేబుల్ ముట్టుకోకముందు తుక్కు ముక్కల మీద ఒక్కొక్కరూ 50 జాయింట్లు కొట్టాలి.

రాత్రిడ్యూటీ

అందరూ వేయడం గురించి రాశారు. వేసిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో చెప్తాను.

కరెంటు. 16 పోర్టుల ఓఎల్‌టీకి 100 వాట్లు, రూటర్‌కు 60, మిగతావాటికి 40 అనుకుంటే మొత్తం 200. ఎనిమిది గంటల కోతకు 1,600 వాట్ అవర్లు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా వాడుకుంటే 2,000 కావాలి, అంటే 48 వోల్టుల మీద 42 ఆంపియర్ అవర్లు. 50 సరిపోతుంది, 100 ఉంటే నిద్ర పడుతుంది. పరికరాలన్నీ 48 వోల్ట్ డీసీ రకమే కొనండి, మధ్యలో ఇన్వర్టర్ ఉంటే పాడయ్యే వస్తువు ఒకటి పెరిగినట్టే. జీపాన్ వైపు నేను మొగ్గేది కూడా ఇందుకే. శివారు పల్లెలో యాక్టివ్ స్విచ్ పెడితే అక్కడా బ్యాటరీ, ఎర్తింగ్, తాళం, దొంగల భయం. స్ప్లిట్టర్‌కు కరెంటే అక్కర్లేదు.

పిడుగులు. ఫైబర్‌కు కరెంటు పట్టదు గానీ కేబుల్‌లోని ఇనుప కవచానికి పడుతుంది. డక్టులో పోయే కేబుల్‌కు కవచం అనవసరం. ఎలుకల బెడద ఉంటే గాజు నార కవచం ఉన్నది తీసుకోండి. డ్రాప్ వైరులో ఉక్కు తీగ ఉంటే దాన్ని ఇంటి గోడ బయటే కోసేసి ఫైబర్ ఒక్కటే లోపలికి పంపండి.

ఫిర్యాదు వచ్చినప్పుడు బండి తీయకముందు ఓఎల్‌టీ చూడండి. ఒక్క ఇల్లు పోయి, చివరగా డయింగ్ గ్యాస్ప్ సందేశం ఉంటే అది వాళ్లింట్లో కరెంటు పోవడమే, కేబుల్ కాదు. ఆ సందేశం లేకుండా పోతే డ్రాప్ తెగింది. ఒక పోర్టులోని ఇళ్లన్నీ ఒకేసారి పోతే ఫీడర్. వింతైన కేసు ఇంకోటి ఉంది: పోర్టులోని ఇళ్లన్నీ వచ్చిపోతూ ఉంటాయి, పవర్ మాత్రం అందరికీ బాగుంటుంది. అక్కడ ఒక ఓఎన్‌టీ తన వంతు కాకుండానే లేజర్ వెలిగించి అందరి మీదా అరుస్తోంది. స్ప్లిట్టర్ దగ్గర ఒక్కో కాలు పీకుతూ పోతే దొరుకుతుంది. క్యాబినెట్‌లో స్ప్లిట్టర్ ఉంటే ఇది పది నిమిషాల పని, స్తంభాల మీద చెల్లాచెదురుగా ఉంటే ఒక పగలంతా.

రోజుకోసారి ప్రతి ఇంటి పవర్‌ను స్క్రిప్టుతో తీసి దాచండి. వారం సగటు నుంచి 2 డీబీ పడిపోతే హెచ్చరిక రావాలి. ఇంటివాళ్లకు తెలియకముందే మీకు తెలుస్తుంది.

ఇక సంఘం. ఒక సభ్యుడికి ఒక ఓటు, వాటాలు ఎన్ని ఉన్నా సరే. ఆస్తిని బయటి కంపెనీకి అమ్మకుండా నిబంధనావళిలోనే కట్టడి రాసుకోండి. లైసెన్సు ఏ తరహాదో, సంఘానికే ఇస్తారా లేక లైసెన్సున్న ఆపరేటర్ నీడలో నడవాలా అన్నది పైపు కొనకముందే తేలాలి. పరికరాల మొత్తం ధరను 84తో భాగించి, నెలనెలా అంత విడి ఖాతాలో వేయండి. ఏడేళ్లకు కొత్తవి కొనాలి, అప్పుడు మళ్లీ చందాలకు తిరిగితే ఎవరూ ఇవ్వరు. ఏ వీధి ముందన్న తగువు రాకుండా, సగానికి పైగా ఇళ్లు వాటా డబ్బు కట్టిన వీధే ముందు అని రాసుకోండి. బాకీ పడితే కనెక్షన్ ఆపే పని మనిషి చేతిలో పెట్టొద్దు, సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి. బాకీదారు వరసకు మామయ్య అయినప్పుడు ఆ బటన్ ఎవరూ నొక్కలేరు.

పల్లెపోగు

ఆఖరిగా ఒకటి, విడి సామాను ఎంత పెట్టుకోవాలి?

రాత్రిడ్యూటీ

వేసిన ప్రతి రకం కేబుల్ 300 మీటర్లు, అదే కోర్ సంఖ్యతో. జాయింట్ బాక్సులు నాలుగు, స్లీవ్‌లు 200, ఓఎన్‌టీలు ఇరవై, పాన్ మాడ్యూళ్లు రెండు, 10 జీ మాడ్యూల్ ఒక్కో చివరకు ఒకటి, 1:32 స్ప్లిట్టర్లు రెండు, స్ప్లైసర్ ఎలక్ట్రోడ్లు ఒక జత. రూటర్ కాన్ఫిగరేషన్ కాపీ ఊళ్లో ఒకటి, ఊరి బయట ఒకటి. తెగిన చోట చుట్ట నుంచి జరుపుకోగలిగితే ఒక్క జాయింట్ బాక్సుతో పోతుంది, లేకపోతే ముక్క వేసి రెండు పెట్టాలి. అందుకే నాలుగు అన్నాను, ఒకే రాత్రి రెండు చోట్ల తెగిన సందర్భానికి.

ట్రేలోచుట్ట

ఎలక్ట్రోడ్లు రెండు జతలు పెట్టండి. కేబుల్ చుట్టలను ఎండ తగలని చోట, కొసలకు టోపీలు వేసి నిలబెట్టండి, పడుకోబెట్టొద్దు.